మేడ మీదా, మెడ మీదా: పర్లాకిమిడిలో ఒక నాటిక కట్టిన అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాదొక చిన్న నాటక సమాజం, 11 మందిమి. హైస్కూలు మాస్టారు, మందుల షాపు నడిపే ఫార్మసిస్టు, నౌపడ–గుణుపురం లైనులో డ్యూటీ చేసే రైల్వే గేట్‌మన్, కరెంటు మేస్త్రీ, వడ్రంగి, కొమ్ముపని చేసే ఆయన, బట్టలు కుట్టే ఆవిడ, అంగన్‌వాడీ కార్యకర్త, సహకార బ్యాంకు క్యాషియరు, ఎల్‌ఐసీ ఏజెంటు, ఒక రైతు. నాటకం ఎవరికీ కూడు పెట్టదు. పగలంతా ఎవరి పని వాళ్లది, రాత్రి ఏడున్నరకు బడి వరండాలో కలుస్తాం. నాటక పరిషత్తు పోటీకి గంట లోపు నాటిక ఒకటి కట్టి, మహేంద్రతనయ ఏరు దాటి అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఆడి రావడానికి మాకు 40 రోజులు పట్టింది. ఇలాంటి చిన్న ఊళ్లలో నాటకం ఆడాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఆ 40 రోజుల పనీ రాస్తున్నాం.

ముందు చేయాల్సింది స్క్రిప్టు చదవడం కాదు, డ్యూటీల పట్టిక వేయడం. ఒక పెద్ద చార్టు మీద తేదీలు అడ్డంగా, పేర్లు నిలువుగా రాసి, ఎవరు ఏ రాత్రి రాలేరో ఎర్ర గుర్తు పెట్టాం. గేట్‌మన్‌కి షిఫ్టులు మారతాయి. రైతుకి ఊడ్పుల పది రోజులు సాయంత్రానికి నడుం లేవదు. ఏజెంటుకి మార్చి నెల అసలు కుదరదు, మాస్టారుకి పరీక్షల రోజులు కుదరవు. బట్టలు కుట్టే ఆవిడకి దసరా ముందు నెలంతా రాత్రి పన్నెండు దాకా మిషనే. ఆ పట్టిక పూర్తయ్యాక తేలింది: అందరం ఒకేసారి కలిసేది 40 రోజుల్లో 9 రోజులే. అది మొదటే తెలిస్తే ఆ 9 రోజులూ మొత్తం నాటికకు దాచుకోవచ్చు, మిగతావి ఇద్దరిద్దరి సీన్లకు వాడుకోవచ్చు. చాలా సమాజాలు ఇక్కడే దెబ్బతింటాయి. రోజూ ఎవరో ఒకరు రారు, వచ్చినవాళ్లు మొదటి సీనే మళ్లీ మళ్లీ చేస్తారు. చివరికి మొదటి పావుగంట బంగారంలా ఉంటుంది, ఆఖరి పావుగంట అతుకుల బొంత.

రానివాళ్ల కోసం ఇంకో ఉపాయం. ఎదుటి పాత్రల డైలాగులన్నీ ఫోనులో రికార్డు చేసి, ఆ మనిషి మాట్లాడాల్సిన చోట సరిపడా ఖాళీ వదిలి, ఆ ఫైలు అతనికి ఇస్తాం. మా రైతు నీళ్లు కట్టుకుంటూ పొలంలో అది వింటూనే తన పోర్షన్, అంటే తన పాత్ర డైలాగులన్నీ, కంఠతా పట్టాడు. ఫోను కాల్లో నేరుగా రిహార్సల్ చేయడం మాత్రం వద్దు. మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ప్రతి డైలాగు ముందూ చిన్న విరామం అలవాటైపోతుంది. స్టేజి మీద ఆ విరామాన్ని వదిలించడానికి వారం పడుతుంది.

ఇప్పుడు భాష సంగతి. మా 40 రోజుల్లో ఎక్కువ శ్రమ తిన్నది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాయాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, ఏటి అవతల పాతపట్నం అటే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా ఊళ్లో ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. మా అంగన్‌వాడీ అమ్మాయీ, కరెంటు మేస్త్రీ తమ పోర్షన్లు ఒడియా లిపిలోనే రాసుకున్నారు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ లిపి ఎక్కడ మోసం చేస్తుందో తెలిసి ఉండాలి.

ఒడియాలో ఎ, ఏ వేరువేరు కాదు, ఒక్కటే అక్షరం. ఒ, ఓ కూడా అంతే. కాబట్టి 'మెడ', 'మేడ' ఆ లిపిలో ఒకేలా ఉంటాయి. 'వెళ్లు', 'వేళ్లు' ఒకటే. 'కొన'కీ 'కోన'కీ తేడా కనపడదు. "నాన్న మేడ మీద ఉన్నారు" అనాల్సిన చోట "మెడ మీద ఉన్నారు" అని వచ్చింది. తెలిసిన మాటే అయినా, కాగితం చూసి కంఠతా పట్టినప్పుడు కన్ను చూసిందే నోటికి వస్తుంది. రెండోది వకారం. అక్కడి రాతలో 'వ' కోసం విడిగా అక్షరం ఉన్నా, అలవాటుగా 'బ' రాసేస్తారు. "అన్నం వండి పెట్టాను" అనేది "అన్నం బండి పెట్టాను" అయింది. మూడోది అకారం. ఒడియాలో 'అ' పలుకు 'ఒ' వైపు వాలుతుంది, దాంతో 'కల' అన్నది 'కొల'కి దగ్గరగా వినిపిస్తుంది. ఇకారాల, ఉకారాల దీర్ఘాలు లిపిలో ఉన్నాయి గానీ ఒడియా నాలుక ఆ తేడా పట్టించుకోదు. అందుకే 'పూట' కాస్తా 'పుట' అవుతుంది.

మేం చేసుకున్న ఏర్పాటు ఇది. ఒడియాలో రాసిన పోర్షన్ మీద మాస్టారు మూడు రంగుల పెన్నులతో గుర్తులు పెడతారు. ఏ, ఓ దీర్ఘమైతే అక్షరం నెత్తిన ఎర్ర గీత. వకారమైతే కింద నీలం చుక్క. ఒత్తు గట్టిగా పలకాల్సిన చోట ఆకుపచ్చ గీత. మొదటి వారం నటన జోలికే పోకుండా కూర్చుని ఈ గుర్తులతో చదివించాం. ఒక్కో పేజీ మూడు సార్లు: మొదటిసారి మాస్టారు చదివితే వినడం, రెండోసారి కలిసి చదవడం, మూడోసారి పుస్తకం మూసి చెప్పడం. ఇది చేయకుండా నేరుగా నిలబెడితే తప్పు పలుకు ఒంటి కదలికతో కలిసి గట్టిపడిపోతుంది, తర్వాత దేన్నీ విడదీయలేం.

యాస విషయంలో మాకు ఒక పట్టుదల ఉంది. పోటీలకు వెళ్లేవాళ్లు కృష్ణా, గుంటూరు మాట తెచ్చిపెట్టుకుంటారు. మేం స్క్రిప్టు తీసుకున్నప్పుడే రచయిత దగ్గర రెండు విషయాలకు రాతపూర్వకంగా అనుమతి అడిగాం. ఒకటి ప్రదర్శనకు, రెండోది ఇంట్లో జరిగే సీన్లను మా వైపు మాటలోకి మార్చుకోవడానికి. "ఏమిటి" తీసేసి "ఏటి", "వెళ్తున్నావా" తీసేసి "ఎల్తన్నావా". గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఈ ఊరి రాజావారి బడిలోనే ఉపాధ్యాయుడిగా చేరారు, ఇక్కడే ఉండి సవర భాష నేర్చుకున్నారు, జనం నోట ఉన్న మాటే రాతలోకి రావాలని కొట్లాడారు. ఆ ఊరి నుంచి నాటిక పట్టుకెళ్లి అరువు మాట మాట్లాడటం మాకు నచ్చలేదు. అయితే ఒక జాగ్రత్త. ఇంటి సీన్లలో యాస, ఆఫీసు సీన్లలో మామూలు మాట అని ముందే గీత గీసుకోవాలి. లేకపోతే ఒకే పాత్ర ఒక వాక్యంలో "ఏటి", తర్వాతి వాక్యంలో "ఏమిటి" అంటుంది. న్యాయనిర్ణేతలు మొదట పట్టేది దాన్నే.

పనుల పంపకం దగ్గర మాకు తెలిసొచ్చిందేమిటంటే, మనిషి ఉద్యోగం పేరు చూసి పని ఇవ్వకూడదు, ఆ ఉద్యోగం అతనికి నేర్పిన అలవాటు చూసి ఇవ్వాలి. తెలుగు బాగా వచ్చు కదా అని మాస్టారిని ప్రాంప్టరుగా కూర్చోబెడితే, నటుడు ఆగీ ఆగకముందే పూర్తి వాక్యం, అదీ వెనక బెంచీకి వినపడేలా అందించారు. ముప్పై ఏళ్లు తరగతి గదిలో పనిచేసిన గొంతు అది. ప్రాంప్టింగ్‌కి కావాల్సింది ఓపిక. నటుడు కావాలని ఆగాడా, మరిచిపోయి ఆగాడా అన్నది అతని కళ్లలో చూసి తెలుసుకుని, మొదటి రెండు మాటలే ఊపిరితో అందించాలి. ఆ పని బట్టలు కుట్టే ఆవిడకి ఇచ్చాం. సూదిలో దారం ఎక్కించే చూపు ఆవిడది. మాస్టారు డైరెక్షన్ చూసుకున్నారు.

గేట్‌మన్‌కి సౌండు, లైటు క్యూలు (ఏది ఏ క్షణాన రావాలో చెప్పే సూచనలు) అప్పగించడం మేం చేసిన మంచి పనుల్లో ఒకటి. రైల్వేలో స్టేషన్ మాస్టరూ గేట్‌మనూ ఫోన్లో ప్రైవేటు నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. గేటు వేశానని ఊరికే చెబితే సరిపోదు, నంబరు చెప్పాలి, అవతలి వాళ్లు రాసుకోవాలి. అదే పద్ధతి ఇక్కడ పెట్టాడు. ప్రతి క్యూకీ ఒక నంబరు. పది సెకన్ల ముందు "ఏడు, సిద్ధం" అంటాడు. లైటు దగ్గరి మనిషి "ఏడు, సిద్ధం" అని తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే "వదులు". తిరిగి జవాబు రాకపోతే 'వదులు' అనడు. ఒక రిహార్సల్లో ఇలాగే ఆపేశాడు, చూస్తే బోర్డు దగ్గర మనిషి టీకి వెళ్లాడు. సౌండు ఫైళ్లు ఒక్కోటీ విడిగా ఉండాలి, పేర్లు 01, 02 అని అంకెలతో మొదలవ్వాలి. ప్లేయర్లో ఒకటి అయిపోగానే రెండోది దానంతటదే మోగే ఏర్పాటు తీసేయాలి. చావు సీను తర్వాతి నిశ్శబ్దంలో పెళ్లి మేళం మోగడానికి కారణం ఎప్పుడూ ఇదే. ఫోనులో నుంచి వాయిస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. రెండు పెన్‌డ్రైవులు, రెండూ వేరువేరు మనుషుల జేబుల్లో.

కరెంటు లెక్క మేస్త్రీ వేసింది వేసినట్టు రాస్తున్నాం. పాత హాలోజన్ లైటు ఒక్కోటి 1000 వాట్లు. నాలుగు పెడితే 4000 వాట్లు, 230 వోల్టుల మీద సుమారు 17.4 ఆంపియర్లు. హాల్లో ఉండే 16 ఆంపియర్ల సాకెట్ ఒక్కటి దీనికి చాలదు. రెండు లైన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడాలి. ఎక్స్‌టెన్షన్ తీగ మిగిలింది కదా అని చుట్టగా ఉంచేస్తారు. ఆ చుట్ట లోపల వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది. మొత్తం విప్పి పరచాల్సిందే. సౌండు సిస్టమ్‌ను డిమ్మరు లైట్లున్న ఫేజు మీద పెడితే లైటు తగ్గించినప్పుడల్లా స్పీకర్లో గుయ్యిమంటుంది, వేరే ఫేజు అడగాలి. అన్నిటికంటే ముఖ్యం న్యూట్రల్. మూడు ఫేజుల మీద లోడు సమంగా లేనప్పుడు న్యూట్రల్ ఊడితే, లోడు తక్కువున్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి 400 దిశగా పాకుతుంది. ఒక ఊళ్లో ఇదే జరిగి మా ఆంప్లిఫయరు కాలిపోయింది. అప్పటి నుంచి మెయిన్ ఆపించి న్యూట్రల్ స్క్రూ బిగించి ఉందో లేదో మా మేస్త్రీ స్వయంగా చూసుకోనిదే ఒక్క ప్లగ్గూ పెట్టడు. ఎల్‌ఈడీ లైట్లతో లోడు బాధ చాలావరకు పోతుంది, కానీ పోటీ జరిగే హాల్లో ఏవి ఉంటాయో ముందే ఫోను చేసి కనుక్కోవాలి.

సెట్టుకి 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు పలకలు ఆరు. రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం చెక్క రీపర్ల చట్రం, మూలల్లో ప్లైవుడ్ త్రికోణాలు, పైన ముతక గాడా గుడ్డ. గుడ్డను మరీ బిగించి కొట్టకూడదు. మైదా గంజి పూశాక అదే ముడుచుకుని బిగుస్తుంది, ముందే బిగిస్తే చట్రం మెలికపడుతుంది. గంజిలో చిటికెడు మయిలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, కలిపాక ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి పోనివ్వకండి. రంగు డిస్టెంపరే. ఎనామిల్ వేస్తే లైటు పడి గోడ అద్దంలా మెరుస్తుంది. పలకలను పిన్ను తీసే కీళ్లతో కలిపాం. పోటీల్లో నాటికకీ నాటికకీ మధ్య సెట్టుకి ఇచ్చేది పావుగంట, ఇరవై నిమిషాలు. మేకులూ సుత్తీ పట్టుకెళితే సరిపోదు. ప్రతి పలక వెనకా అంకె, ఏ అంకె ఎవరు మోయాలో ముందే ఖాయం. మాకు మొదటిసారి 31 నిమిషాలు పట్టింది, ఆరో సారికి 11కి వచ్చింది. డైలాగుల్లాగే సెట్టు కట్టడానికీ రిహార్సల్ ఉంటుందని చాలామంది అనుకోరు.

రిహార్సల్ వరండాలో స్టేజి కొలత ముగ్గుపిండితో గీస్తాం: 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు, తలుపులు, కుర్చీ, మంచం, మైకులు. ముందు అంచున మూడు మైకులు, సుమారు 8 అడుగుల దూరంలో ఒక్కోటి, కింద అంగుళం మందం స్పాంజి. లేకపోతే అడుగుల చప్పుడు మాటల్ని మింగేస్తుంది. రహస్యం చెప్పే సీను మైకుకి నాలుగడుగుల లోపు, అరిచే సీను వెనక్కి.

కొమ్ముపని ఆయన గురించి చెప్పాలి. పర్లాకిమిడి కొమ్ముపనికి పేరున్న ఊరు, దువ్వెనలూ జంతువుల బొమ్మలూ చేస్తారు. నాటికలో తాతగారి కళ్లజోడు ఉంది. అద్దాలున్న జోడు పెడితే లైటు తగిలి కళ్ల బదులు రెండు తెల్ల బిళ్లలు కనిపిస్తాయి, కాబట్టి అద్దాలు ఉండకూడదు. బజారులో దొరికే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి అద్దం తీస్తే సన్నటి చువ్వ మిగిలి, దూరానికి ఖాళీ అని తెలిసిపోతుంది. ఆయన గేదె కొమ్ము ముక్కను నిప్పు మీద తిప్పుతూ వేడి చేశాడు. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. మెత్తబడగానే రెండు చెక్కల మధ్య పెట్టి బిగించి, చల్లారేదాకా కదపలేదు. పలకలా అయిన దానిమీద రెండు గుండ్రాలు గీసి, సన్న రంపంతో కోసి, ఆకురాయితో అంచులు అరగదీశాడు. ముక్కు దగ్గర వంపు కోసం మళ్లీ ఒక్కసారి వేడి చూపించి బొటనవేళ్లతో నొక్కాడు. లావుపాటి నల్లటి ఫ్రేము, అద్దాల్లేవు, ఆఖరి వరుసకీ కళ్లజోడే. అంచు మందంగా ఉంటే లోపల అద్దం ఉందనే కన్ను నమ్ముతుంది.

మేకప్పు, సామాన్లు ఫార్మసిస్టువి. పాతకాలంలో ముఖానికి అర్దళం పూసేవారు. అది ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. ఎవరైనా పాత పెట్టెలోంచి తీసినా ఆయన పారబోయిస్తాడు. మీసం అంటించే స్పిరిట్ గమ్‌ను ఒక రోజు ముందు మోచేతి లోపలి వైపు చుక్క రాసి చూడాలి. 24 గంటల్లో ఎర్రబడితే ఆ మనిషికి అది వద్దు. మీసం ఊడిపోవడానికి అసలు కారణం చెమట కాదు, కింద రాసిన పాన్‌కేక్ అనే మేకప్పు రంగు. మీసం వచ్చే చోట రంగు వేయకుండా, చర్మం తుడిచి ఆరబెట్టి, పల్చగా రెండు పూతలు వేసి, వేలికి జిగట తగిలాకే అంటించాలి. సామాన్లకి ఆయన పద్ధతి మందుల అరలదే: అట్టపెట్టెలో గడులు, గడికి పేరు, వస్తువు వాడి రాగానే అదే గడిలోకి. ఆట మొదలయ్యే ముందు ఒకసారి, విరామంలో ఒకసారి గడులు చూస్తే ఖాళీ గడి తనే చెబుతుంది. తినే సీనుకి బిస్కెట్లు పెట్టకండి, పొడి గొంతులో పడి దగ్గొస్తుంది. అరటిపండు మేలు.

తెల్ల చొక్కా లైటు కింద మనిషి ముఖాన్ని మింగేస్తుంది. రెండు లీటర్ల వేడినీళ్లలో నాలుగు చెంచాల టీ పొడి మరిగించి వడగట్టి, చొక్కా తడిపి పది నిమిషాలు ముంచి తీస్తే దూరానికి తెలుపే, కంటికి హాయి. ముందు తడపకపోతే మరకలు పడతాయి. సీను మధ్యలో మార్చే జాకెట్లకి హుక్కులు తీసేసి వెల్క్రో కుట్టాం. నిశ్శబ్దం సీనులో వింగు (స్టేజి పక్క తెర) వెనక అది విప్పితే చర్రుమని వినపడుతుంది, ఆ చోట ప్రెస్ బటన్లే.

డబ్బు దగ్గర ఒకటే నియమం: అడిగేవాళ్లు దాచకూడదు. చందాలు ఏజెంటు అడుగుతాడు, పదిమంది గుమ్మాలు ఎక్కడం ఆయన వృత్తి. రసీదు పుస్తకం, పైకం మాత్రం క్యాషియరువి. ఒడిశాలో సొసైటీల రిజిస్ట్రేషన్ 1860 నాటి చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. రిజిస్ట్రేషనూ సమాజం పేరున ఖాతా లేకపోతే పరిషత్తు ఇచ్చే చెక్కు ఎవరో ఒకరి సొంత ఖాతాలో పడుతుంది, మాటా మాటా పెరిగేది అక్కడే.

ఊళ్లో ముందు ఒక ఆట ఆడి చూసుకున్నాం. ఆరుబయట అయితే రాత్రి 10 దాటాక మైకు కుదరదు, కాబట్టి ఆరున్నరకే తెర తీశాం. పోలీసు స్టేషనుకి అర్జీ ఒడియాలో, పరిషత్తుకి దరఖాస్తు తెలుగులో. చదివితే 41 నిమిషాలు వచ్చిన స్క్రిప్టు కదలికలతో 50కి, జనం నవ్వులతో 54కి చేరింది. గంట గడువుకి 60 నిమిషాల నాటిక పట్టుకెళ్లకూడదు.

బండి పాతపట్నం వైపు రిజిస్ట్రేషన్ ఉన్నది మాట్లాడుకున్నాం. గూడ్సు బండి ఎటువైపుదైనా సరిహద్దు దాటడానికి దాని పర్మిట్ చూసుకోవాలి. సామాన్లలో చెక్క తుపాకీ ఉంది కాబట్టి సమాజం లెటర్‌హెడ్ మీద మొత్తం వస్తువుల పట్టీ, పరిషత్తు పిలుపు ఉత్తరం డ్రైవరు పక్క సీట్లో పెట్టాం. పలకలు నిలువుగా, గుడ్డ గుడ్డకు ఆనేలా, మధ్యలో పాత దుప్పట్లు. పడుకోబెడితే పైన ఎవరో ఒకరు కూర్చుంటారు.

తిరిగి వచ్చిన మర్నాడే పలకలు ఎండకి ఆనించాలి, చెమట బట్టలు ఉతకాలి, మీసాలకు అంటిన గమ్ స్పిరిట్‌తో తుడవాలి. మూడో రోజు రాత్రి క్యాషియరు జమాఖర్చు చదివి వినిపించాడు, 11 సంతకాలు అయ్యాయి. ఎర్ర గీతలూ నీలం చుక్కలూ ఉన్న పోర్షన్లు మాస్టారు అట్ట వేసి బీరువాలో పెట్టారు. అంగన్‌వాడీ అమ్మాయి మాత్రం తనది ఇవ్వలేదు. పక్క పేజీలో తెలుగు అక్షరాలు రాసుకుంటోంది, ఇంకో పది రోజులు ఉంచుకుంటానంది.